జర్మనీకి సైనిక బదిలీ: బేస్ లోపలి క్వార్టరా, ఊళ్ళో అద్దె ఇల్లా?

సీతమ్మధార అమ్మాయి

అందరికీ నమస్కారం. మావారు అమెరికా సైన్యంలో సార్జెంటుగా పనిచేస్తున్నారు. చదువుకోసం వెళ్ళి, అక్కడే సైన్యంలో చేరి, పౌరసత్వం పొందిన తెలుగువారే. ఇప్పుడు ఆయనకు జర్మనీలోని కైజర్స్‌లౌటర్న్ ప్రాంతానికి మూడేళ్ళ బదిలీ ఉత్తర్వులు వచ్చాయి. ఉత్తర్వుల్లో నా పేరు కూడా ఉంది. ప్రస్తుతం సెలవు మీద విశాఖలో అమ్మావాళ్ళింట్లో ఉన్నాం, వచ్చే నెలలో ప్రయాణం.

మాకింకా పిల్లలు లేరు. బేస్ లోపల ప్రభుత్వ క్వార్టరుకు పేరు నమోదు చేయించుకుంటే అద్దె, కరెంటు, నీళ్ళు ఏవీ మన మీద పడవని మావారంటున్నారు. నాకేమో మూడేళ్ళు జర్మనీలో ఉండి ఒక చిన్న అమెరికాలోనే కాలం గడపడం నచ్చడం లేదు, ఊళ్ళో ఇల్లు తీసుకుంటే బాగుంటుందని ఉంది. దీనికి తోడు ఆయన శిక్షణ విన్యాసాల కోసం వారాల తరబడి వేరే చోట్లకు వెళ్ళవలసి వస్తుందని ముందే చెప్పారు. ఆ రోజుల్లో ఇంట్లో నేనొక్కదాన్నే ఉండాలి. అమ్మా నాన్నా కూడా ఒకసారి వచ్చి కొన్నాళ్ళుంటామంటున్నారు. ఈ పరిస్థితిలో ఏ దారి మంచిదో అనుభవమున్నవారు చెప్పగలరు.

మాజీ నావికుడు, మల్కాపురం

అమ్మాయీ, నాకు జర్మనీ సంగతి తెలియదు గానీ సైనికోద్యోగికి ఇల్లు వెతకడమంటే ఏమిటో బాగా తెలుసు. తూర్పు నౌకాదళంలో పనిచేసిన కాలంలో క్వార్టరు వచ్చేదాకా గాజువాకలో అద్దెకున్నాం, తరువాత నౌసేనాబాగ్‌కు మారాం. నా భార్య ఈనాటికీ చెప్పే మాట ఒకటుంది: ఇల్లు ఎంపిక చేసేటప్పుడు మగవాడు తాను సెలవులో ఉన్నప్పటి ఇంటిని చూసుకుంటాడట, తాను ఓడలో ఉన్నప్పటి ఇంటిని చూడడట. గాజువాక ఇల్లు విశాలంగా ఉండేది, ఓనరు కూడా మంచివాడే, కానీ నేను సముద్రం మీదున్న రోజుల్లో పిల్లకు జ్వరం వస్తే నౌకాదళ ఆసుపత్రి ఐఎన్‌హెచ్‌ఎస్ కల్యాణికి తీసుకువెళ్ళడానికి ఆమె పడ్డ యాతన తక్కువది కాదు. క్వార్టరు చిన్నదే అయినా పక్కింటివాళ్ళ మనిషి కూడా ఓడలోనే ఉంటాడు కాబట్టి ఒకరికొకరు అడగకుండానే సాయపడేవారు.

అందుచేత మీ ఇద్దరూ ముందు తేల్చుకోవలసింది అందచందాల సంగతి కాదు. ఆయన లేని మూడు వారాల్లో నువ్వు కూరగాయలకు, డాక్టరు దగ్గరికి, బ్యాంకుకు ఎవరి సాయమూ లేకుండా వెళ్ళి రాగలవా? ఏ ఇంటినైనా ఈ ప్రశ్నతోనే చూడు.

లౌటర్న్ వాసి, స్వస్థలం భీమిలి

బాబాయిగారు అడిగిన ప్రశ్నకు జర్మనీలో జవాబు ఎలా ఉంటుందో రాస్తాను. నేను సైనికుణ్ణి కాను, కానీ ఇదే ఊళ్ళో చాలాకాలంగా ఉద్యోగం చేస్తున్నాను. సైన్యంలో ఉన్న తెలుగు కుటుంబాలు కొన్ని ఇక్కడ ఉన్నాయి, వారిలో కొందరికి ఇళ్ళు చూడడంలో తోడు వెళ్ళాను.

ముందు ఊరి రూపం చెబుతాను. కైజర్స్‌లౌటర్న్, రామ్‌స్టైన్ వైమానిక స్థావరం, లాండ్‌స్టూల్ సైనిక ఆసుపత్రి, ఫోగెల్‌వే, జెంబాఖ్ సైనిక స్థావరాలు అన్నీ దగ్గర దగ్గరగా ఉన్నాయి. అమెరికా బయట అమెరికన్ సైనిక కుటుంబాలు ఇంత పెద్ద సంఖ్యలో ఉన్న ప్రాంతం మరొకటి లేదు. అందువల్ల ఇక్కడి ఇళ్ళ యజమానులకు సైనికులకు అద్దెకివ్వడం తరతరాల అలవాటు. అది మంచికీ చెడుకూ కూడా పనికొస్తుంది. సైనికుడికి ఎంత ఇంటి అద్దె భత్యం వస్తుందో యజమానికి ముందే తెలుసు, కాబట్టి అద్దె సరిగ్గా ఆ పరిమితి దగ్గరే నిలబడి ఉంటుంది.

ఆ భత్యాన్ని ఓహెచ్‌ఏ (విదేశాల్లో ఇచ్చే ఇంటి భత్యం) అంటారు. అమెరికాలో ఇచ్చే ఇంటి భత్యానికీ దీనికీ పెద్ద తేడా ఉంది. అక్కడ తక్కువ అద్దె ఇల్లు చూసుకుంటే మిగిలింది జేబులో వేసుకోవచ్చు. ఇక్కడ ర్యాంకునుబట్టి, కుటుంబం ఉందా లేదా అన్నదాన్నిబట్టి ఒక గరిష్ఠ పరిమితి ఉంటుంది, ఆ లోపల నిజంగా కట్టిన అద్దె ఎంతో అంతే ఇస్తారు. కరెంటు, నీళ్ళు, వేడి (చలికాలంలో ఇల్లు వెచ్చగా ఉంచే హీటింగు) ఖర్చులకు మాత్రం వేరే లెక్క ప్రకారం స్థిరమైన మొత్తం ఇస్తారు, అందులో పొదుపు చేస్తే మీదే. ఇల్లు మారినందుకు ఒక్కసారి ఇచ్చే మొత్తం మరొకటి ఉంది. జీతం డాలర్లలో, అద్దె యూరోల్లో కాబట్టి మారకపు విలువనుబట్టి భత్యాన్ని సవరిస్తూ ఉంటారు.

వచ్చిన వెంటనే హోటల్లో ఉండాలి. దానికి టీఎల్‌ఏ అనే తాత్కాలిక వసతి భత్యం సాధారణంగా 60 రోజుల వరకు వస్తుంది, కానీ ఒకేసారి మంజూరు చేయరు. పది రోజులకోసారి పొడిగించుకోవాలి, ఆ పది రోజుల్లో ఇళ్ళు వెతికినట్టు చూపించాలి. కాబట్టి ఏ రోజు ఏ ఇల్లు చూశారో, ఎందుకు వద్దనుకున్నారో మొదటి రోజునుంచే ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది: హౌసింగ్ ఆఫీసుకు వెళ్ళకముందు ఏ ఒప్పందం మీదా సంతకం పెట్టవద్దు. మీవారి ర్యాంకువారికి లోపలి నివాసం తప్పనిసరి చేశారేమో మొదట అడగండి. కొన్ని స్థావరాల్లో, కొన్ని కాలాల్లో క్వార్టర్లు ఖాళీగా ఉంటే ముందు వాటినే నింపుతారు, అప్పుడు మీ ఇష్టాయిష్టాలకు తావుండదు. తప్పనిసరి కాకపోతేనే ఈ చర్చంతా.

ఎంవీపీ కాలనీ గృహిణి

సీతమ్మధార అమ్మాయికి ఒక మాట. మా చెల్లెలి కూతురి దగ్గరికి మా చెల్లెలూ మరిదీ వెళ్ళినప్పుడు తెలిసింది. మనవాళ్ళు అమెరికా వెళితే ఆరు నెలలుండి వస్తారు కాబట్టి జర్మనీ కూడా అలాగే అనుకుంటారు. అక్కడ సందర్శకుల వీసా మీద ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండడానికి వీలు లేదు. కనీసం 30,000 యూరోలకు ప్రయాణ ఆరోగ్య బీమా కూడా చూపించాలి. అల్లుడు సైన్యంలో ఉన్నా అత్తమామలకు సాధారణంగా ఇదే నియమం. కాబట్టి మూడేళ్ళలో మహా అయితే కొన్ని నెలలుండే అమ్మానాన్నల కోసం పెద్ద ఇల్లు తీసుకునే ఆలోచన ఉంటే మరోసారి చూసుకోండి.

లౌటర్న్ వాసి, స్వస్థలం భీమిలి

అక్కగారు చెప్పింది అక్షరాలా నిజం. దీనికి ఇంకొక కోణం చేరుస్తాను. బేస్ లోపల ఉంటే అతిథులు ఎక్కువ కాలం ఉండడానికి, సాధారణంగా 30 రోజులు దాటితే, అనుమతి తీసుకోవాలి. గేటు దగ్గర గుర్తింపు కార్డున్నవారు వెంట ఉండి పేరు రాయించి లోపలికి తీసుకురావాలి. పొద్దున్నే బీచ్ రోడ్డులో నాలుగు కిలోమీటర్లు నడిచే అలవాటున్న విశాఖ నాన్నగారు గేటు దాటి బయటికి వెళితే, తిరిగి రావడానికి కూతురికో అల్లుడికో ఫోను చేసి గేటు దగ్గర నిలబడాలన్నమాట. మా ఊళ్ళో చుట్టూ అడవి, నడకకు బ్రహ్మాండమైన దారులు ఉన్నాయి. పెద్దవాళ్ళు అవి చూసి ఎంత మురిసిపోతారో, గేటు చూసి అంత విసుక్కుంటారు.

ఎన్‌ఏడీ కొత్తరోడ్డు

మా అన్నయ్య స్టుట్‌గార్ట్‌లో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తున్నాడు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పరాయి దేశం వెళ్ళి కంచె లోపల ఉండడమంటే వెళ్ళకపోవడంతో సమానం. కాస్త దూరంగా పల్లెల్లో తోటా, మేడా, నేలమాళిగా ఉన్న పెద్ద ఇళ్ళు అదే అద్దెకు దొరుకుతాయి. భత్యం ఎలాగూ వస్తుంది, మిగిలితే మన జేబులోకి రాదు కాబట్టి పరిమితి మేరకు పెద్ద ఇల్లే తీసుకోవడం తెలివైన పని. భాష వస్తుంది, ఊరివాళ్ళు పరిచయమవుతారు, మూడేళ్ళ తరువాత చెప్పుకోవడానికి ఒక జీవితం ఉంటుంది.

లౌటర్న్ వాసి, స్వస్థలం భీమిలి

తమ్ముడూ, ఊళ్ళో ఉండాలన్న మాట వరకు నీతో ఏకీభవిస్తాను, పల్లెలో పెద్ద ఇల్లన్న మాటతో ఏకీభవించలేను. అద్దె భత్యంలోంచి వచ్చినా పెద్ద ఇంటి వేడి ఖర్చు స్థిరమైన మొత్తంలో ఇమడకపోవచ్చు. పల్లె ఇళ్ళలో చాలావాటికి నేలమాళిగలో చమురు ట్యాంకు ఉంటుంది. చలికాలానికి ముందు దాన్ని నింపించడానికి ఒకేసారి పెద్ద మొత్తం కట్టాలి. ఇంట్లో చేరే రోజున ట్యాంకులో ఎన్ని లీటర్లున్నాయో కొలిచి కాగితం మీద రాయించుకోకపోతే ఖాళీ చేసే రోజున తగవు తప్పదు.

రెండవది ప్రయాణం. సైనిక కుటుంబాలు కారు నడపాలంటే ఐరోపాలోని అమెరికన్ సైన్యం ఇచ్చే లైసెన్సు తీసుకోవాలి, దానికి రాతపరీక్ష ఉంటుంది. గుర్తులేమీ లేని కూడలిలో కుడివైపునుంచి వచ్చేవారికి దారివ్వాలన్న నియమం దగ్గరే మనవాళ్ళు తడబడతారు. ఆ లైసెన్సు వచ్చేదాకా, వచ్చినా ఒక్క కారే ఉండి దాన్ని మీవారు తీసుకువెళ్ళిన రోజుల్లో, పల్లెలో ఉన్న అమ్మాయి గంటకో రెండు గంటలకో వచ్చే బస్సు మీద ఆధారపడాలి. కొన్ని ఊళ్ళకు ఆదివారం అదీ ఉండదు. డిసెంబరులో ఇక్కడ సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. భర్త విన్యాసాలకు వెళ్ళి, బయట చీకటిగా ఉండి, ఇంట్లో మూడంతస్తులకూ తానొక్కతే అయితే ఆ తోటా ఆ మేడా ఎవరికోసం?

నేనైతే కైజర్స్‌లౌటర్న్ ఊళ్ళోనే, రైల్వే స్టేషనుకో సిటీ బస్సుకో నడిచి వెళ్ళగలిగే దూరంలో, మరీ పెద్దది కాని ఫ్లాటు చూడమంటాను. ప్రకటనల్లో గదుల లెక్క జాగ్రత్తగా చూసుకోవాలి. ఇక్కడ మూడు గదుల ఇల్లంటే హాలు కూడా అందులో ఒకటి, అంటే మన లెక్కలో డబుల్ బెడ్‌రూం. వైశాల్యం చదరపు మీటర్లలో చెబుతారు, 80 మీటర్లంటే మన 860 అడుగులు. ఇద్దరికీ, అప్పుడప్పుడూ వచ్చే అమ్మానాన్నలకూ అది చాలు.

మాజీ నావికుడు, మల్కాపురం

భీమిలి అబ్బాయి మాట నాకు నచ్చింది. పల్లెలో పెద్ద ఇల్లన్న ఆశ అన్ని దేశాల సైనికులకూ ఒకటేనన్నమాట.

యొకొసుకా నుంచి, పుట్టిల్లు కంచరపాలెం

మావారు జపాన్‌లోని యొకొసుకాలో, అమెరికా నౌకాదళం సెవెంత్ ఫ్లీట్ ఓడలో పనిచేస్తున్నారు. దేశం వేరైనా వ్యవస్థ ఒకటే కాబట్టి రెండు సంగతులు చెబుతాను.

ఇక్కడ ఊళ్ళో ఇల్లు తీసుకుంటే డిపాజిట్టు కాక యజమానికి తిరిగి రాని కానుక సొమ్ము ఇవ్వాలి, ఏజెంటుకు సుమారు ఒక నెల అద్దె ఇవ్వాలి. ఆ తిరిగి రాని ఖర్చును అమెరికా ప్రభుత్వం భరిస్తుంది, డిపాజిట్టుకు ముందస్తుగా డబ్బు ఇస్తుంది, కానీ దరఖాస్తు పెట్టుకున్నవారికే. కాబట్టి చెల్లించిన ప్రతి యెన్నుకూ రసీదు ఉంచుకుంటాం. జర్మనీలో ఏజెంటు సంగతి ఎలా ఉందో భీమిలి అన్నయ్యగారు చెప్పాలి.

రెండవది మనసుకు సంబంధించినది. ఓడ వెళ్ళిపోయాక మొదటి నెలల్లో నాకు బేస్ లోపలి టవర్‌లో ఉండడమే మేలయింది. ఎవరో ఒకరు తలుపు తట్టేవారు. ఏడాది తిరిగాక ఊళ్ళోకి మారాం, అప్పటికి నాకు దారులూ దుకాణాలూ తెలుసు. ఈ రెండింటిలో ఏదో ఒకటే మూడేళ్ళకూ ఖాయం చేసుకోవాలనుకోవద్దు. అయితే ఒకసారి లోపలికి వెళ్ళాక మన ఇష్టప్రకారం బయటికి వస్తే సామాను తరలింపు ఖర్చు మనమే పెట్టుకోవలసి రావచ్చు. అది ముందే అడిగి తెలుసుకోవాలి.

లాసన్స్ బే న్యాయవాది

ఒప్పందం గురించి ఎవరూ ఇంకా మాట్లాడలేదు కాబట్టి నేను చెబుతాను. మా బంధువుల అమ్మాయి ఒప్పందాన్ని చదవవలసి వచ్చి జర్మన్ అద్దె చట్టంలో కొంత భాగం శ్రద్ధగా చూశాను.

మన విశాఖలో పదకొండు నెలల అగ్రిమెంటు రాసుకుని, గడువు తీరాక పదో పరకో పెంచి మళ్ళీ రాసుకుంటాం. అక్కడ సాధారణంగా గడువు లేని ఒప్పందమే రాస్తారు. అద్దెకున్నవారు ఖాళీ చేయాలంటే చట్టప్రకారం మూడు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. దీనిపైన యజమాని ఏడాదో రెండేళ్ళో ఖాళీ చేయకూడదన్న షరతు కూడా చేర్చవచ్చు. సైనికుడికి బదిలీ అంత వ్యవధి ఇచ్చి రాదు కదా! కాబట్టి బదిలీ ఉత్తర్వులు వచ్చినా, ప్రభుత్వ క్వార్టరులోకి మారమని ఆదేశించినా తక్కువ నోటీసుతో వెళ్ళిపోవచ్చన్న సైనిక షరతు ఒప్పందంలో స్పష్టంగా ఉండాలి. హౌసింగ్ ఆఫీసువారి దగ్గర రెండు భాషల్లో ఉన్న నమూనా ఒప్పందం దొరుకుతుంది, దాన్నే వాడమని యజమానిని అడగండి. యజమాని తన సొంత కాగితమే కావాలంటే బేస్‌లోని న్యాయ సహాయ విభాగానికి చూపించండి, వారు రుసుము తీసుకోరు.

డిపాజిట్టు విషయంలో జర్మన్ సివిల్ కోడ్ 551వ సెక్షను స్పష్టంగా ఉంది. వేడి, నీళ్ళ ఖర్చులు కలపని మూల అద్దెకు మూడు నెలలకు మించి అడగకూడదు. దాన్ని మూడు నెలవారీ వాయిదాల్లో కట్టే హక్కు అద్దెదారుకు ఉంది. యజమాని ఆ సొమ్మును తన డబ్బుతో కలపకుండా వేరే ఖాతాలో ఉంచాలి, దాని మీద వచ్చే వడ్డీ అద్దెదారుదే. ఏజెంటు రుసుము ఎవరు పెట్టుకున్నారో వారే కట్టాలన్న నియమం 2015 జూన్ నుంచి అమల్లో ఉంది, యజమాని పెట్టిన ఏజెంటు మిమ్మల్ని రుసుము అడిగితే ఇవ్వనక్కరలేదు. ఇక ఇల్లు చూడకముందే, తాళాలు కొరియరులో పంపిస్తాం డిపాజిట్టు పంపండి అనేవారు ఏ దేశంలోనైనా మోసగాళ్ళే.

సీతమ్మధార అమ్మాయి

అందరికీ కృతజ్ఞతలు. న్యాయవాదిగారూ, మీరు చెప్పిన మూల అద్దె, ఖర్చులు కలిసిన అద్దె అన్న తేడా నాకు పూర్తిగా అర్థం కాలేదు. ప్రకటనల్లో రెండు అంకెలు కనబడుతున్నాయి. భత్యానికి ఏది లెక్క? మరొక ప్రశ్న చిన్నదే కానీ నాకు పెద్దది. అమ్మ వెట్ గ్రైండరు, మిక్సీ ప్యాక్ చేసి పెట్టింది. తీసుకువెళ్ళాలా, అక్కడ కొనుక్కోవాలా? వంటగదుల ఫొటోలు చూస్తే కొన్ని ఇళ్ళలో సింకు కూడా లేదు, గోడకు రెండు పైపులు మాత్రం వేలాడుతున్నాయి. అది మరమ్మతులో ఉన్న ఇల్లా?

లౌటర్న్ వాసి, స్వస్థలం భీమిలి

మరమ్మతు కాదమ్మా, అదే మామూలు. ఇక్కడ చాలా ఇళ్ళను వంటగది సామాను లేకుండానే అద్దెకిస్తారు. వెళ్ళిపోయేవారు అలమరలు, సింకు, పొయ్యి, ఒక్కొక్కప్పుడు సీలింగు దీపాలతో సహా ఊడదీసుకుని పోతారు. గోడల్లో బట్టల అలమరలు కూడా ఉండవు. సైనిక కుటుంబాలకు ఇందులో ఒక వెసులుబాటు ఉంది. ఫర్నిచర్ విభాగంవారు ఫ్రిజ్, పొయ్యి, వాషింగ్ మెషీను, బట్టల బీరువాల వంటివి అక్కడున్నంతకాలం వాడుకోవడానికి ఇస్తారు, మీ సామాను ఓడలో వచ్చేదాకా మంచాలూ సోఫాలూ తాత్కాలికంగా ఇస్తారు. అయితే సింకూ అలమరలూ వారిస్తారన్న నమ్మకం పెట్టుకోవద్దు. కాబట్టి వంటగది అమర్చి ఉన్న ఇల్లే చూడండి, ప్రకటనలో ఈబీకే అన్న మూడక్షరాలుంటే అమర్చి ఉందని అర్థం.

గ్రైండరు నిస్సందేహంగా తెచ్చుకోండి. ఇక్కడి కరెంటు మన విశాఖలో ఉన్నదే, 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అమెరికానుంచి 120 వోల్టుల సామాను తెచ్చుకున్నవారు బరువైన ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టుకుని అవస్థపడుతుంటే, మన గ్రైండరు కేవలం ప్లగ్గు మారిస్తే హాయిగా తిరుగుతుంది. మూడు పిన్నుల ప్లగ్గు తీయించి ఎర్త్ తీగతో సహా ఇక్కడి ప్లగ్గు బిగించుకోవడం మంచిది, చవక అడాప్టరులో ఎర్త్ కలవదు. పొయ్యి మాత్రం సాధారణంగా గ్యాసు కాదు, అద్దం పలక మీద వండే కరెంటు పొయ్యి. గుండ్రటి అడుగు మూకుడు దాని మీద నిలవదు, ఇండక్షన్ అయితే అల్యూమినియం కుక్కరు వేడెక్కదు. అడుగు చదునుగా ఉన్న స్టీలు కుక్కరు, చదును మూకుడు తెచ్చుకోండి.

వంటగది చూసేటప్పుడు పొయ్యి పైన ఉన్న చిమ్నీని ఒకసారి ఆన్ చేయించి చూడండి. దాని గొట్టం గోడలోంచి బయటికి పోతోందా, లేక గాలిని వడపోసి మళ్ళీ గదిలోకే వదులుతోందా అన్నది పైకప్పు దగ్గర చేయి పెడితే తెలిసిపోతుంది. గదిలోకే వదిలేదైతే మన ఇంగువ పోపు మూడు రోజులు పరదాల్లో ఉంటుంది, ఖాళీ చేసేటప్పుడు యజమాని గోడలు వాసన చూస్తాడు. తలుపున్న వంటగది దొరికితే అదృష్టం.

అద్దె లెక్క ఇది. కాల్ట్‌మీటె అంటే మూల అద్దె. దానికి నీళ్ళు, చెత్త, మెట్ల శుభ్రం, వేడి ఖర్చు కలిపితే వార్మ్‌మీటె. ఆ పై ఖర్చులు ప్రతి నెలా కట్టే అంచనా మొత్తం మాత్రమే. ఏడాదికోసారి యజమాని అసలు లెక్క ఇస్తాడు, ఎక్కువ వాడితే మిగతాది కట్టాలి, తక్కువైతే వెనక్కి వస్తుంది. ఆ లెక్క సంవత్సరం ముగిసిన 12 నెలల్లోగా ఇవ్వకపోతే అదనంగా అడిగే హక్కు యజమానికి సాధారణంగా పోతుంది. భత్యం కాగితంలో ఏ ఖర్చులు అద్దెలో కలిశాయి, ఏవి విడిగా కడుతున్నారు అన్నది సరిగ్గా రాయాలి, ఎందుకంటే అన్నీ అద్దెలోనే కలిసి ఉన్నాయని రాస్తే విడిగా వచ్చే స్థిర మొత్తం మారిపోతుంది. ఆ కాగితం నింపేటప్పుడు హౌసింగ్ ఆఫీసు గుమాస్తా పక్కనే కూర్చుని నింపించుకోండి.

ఎంవీపీ కాలనీ గృహిణి

మా చెల్లెలి కూతురింట్లో గోడలకు బూజు పట్టి పెద్ద గొడవయింది. అది ఇంటి లోపమా, వాళ్ళ లోపమా అని యజమానితో ఉత్తరాలు నడిచాయి. దాని గురించి కూడా చెప్పండి బాబూ.

లౌటర్న్ వాసి, స్వస్థలం భీమిలి

ఇది మనవాళ్ళందరికీ ఎదురయ్యే సమస్యే అక్కగారూ. చలికి భయపడి కిటికీలు ఎప్పుడూ మూసే ఉంచుతాం. లోపల అన్నం ఉడుకుతుంది, ఇడ్లీ పాత్ర ఆవిరి కక్కుతుంది, ఉతికిన బట్టలు గదిలోనే ఆరవేస్తాం. ఆ తేమంతా బయటి గోడ మూలల్లో, బీరువా వెనకాల చేరి నల్లటి మచ్చలుగా తేలుతుంది. ఇక్కడివారు చలికాలంలో కూడా రోజుకు రెండు మూడుసార్లు వేడి ఆపి, కిటికీలన్నీ బార్లా తెరిచి, అయిదు పది నిమిషాలుంచి మూసేస్తారు. చాలా ఒప్పందాల్లో ఇది రాసే ఉంటుంది. బీరువాను గోడకు ఆనించకుండా ఒక అరచేయి దూరం జరపాలి.

అయితే చేరకముందే ఉన్న బూజుకు మీరు బాధ్యులు కారు. తాళాలు అందుకునే రోజున ఇంటి స్థితిని వివరంగా రాసే పత్రం ఉంటుంది. ఆ రోజు బీరువా ఉండబోయే మూలలన్నిటినీ, కిటికీ చట్రాల కింది అంచులనూ, స్నానాలగది పైకప్పునూ ఫొటోలు తీసి, కొత్తగా రంగు వేసిన గోడ ఒకటే ఉంటే అది ఎందుకు వేశారో అడిగి, మీటర్ల అంకెలతో సహా ఆ పత్రంలో రాయించండి. ఖాళీ చేసేటప్పుడు రంగులు ఎవరు వేయించాలన్నది కూడా అప్పుడే తేల్చుకోండి. ఆదివారాలు గోడకు మేకు కొట్టరాదు, రాత్రి పదినుంచి ఉదయం ఆరుదాకా నిశ్శబ్దం పాటించాలి. గ్రైండరు తిప్పే వేళ చూసుకోండి, కింద ఫ్లాటువారికి ఆ రాయి చప్పుడు స్పష్టంగా వినబడుతుంది.

ఎన్‌ఏడీ కొత్తరోడ్డు

పెద్దలు చెప్పినవన్నీ చదివాను. ఒంటరిగా ఉండే రోజుల సంగతి నేను తూకం వేయలేదన్నది ఒప్పుకోవాలి గానీ, బేస్ లోపలే ఉండిపోవద్దన్న మాట మీద మాత్రం నిలబడే ఉన్నాను.

సీతమ్మధార అమ్మాయి

నిన్న రాత్రి మావారికీ ఇదంతా చదివి వినిపించాను. మాజీ నావికుడు బాబాయిగారు అడిగిన ప్రశ్న దగ్గర ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇద్దరం కలిసి ఒక నిర్ణయానికి వచ్చాం. క్వార్టరు జాబితాలో పేరు ఇప్పుడే పంపించి, ఆయన ర్యాంకుకు లోపలి నివాసం తప్పనిసరా అని లిఖితపూర్వకంగా అడుగుతాం. తప్పనిసరి కాకపోతే ఊళ్ళోనే, సిటీ బస్సుకు దగ్గరలో, అమర్చిన వంటగదితో, 80 మీటర్లకు అటూ ఇటూగా ఉన్న ఫ్లాటు వెతుకుతాం. టీఎల్‌ఏ ఇచ్చే రోజుల్లోగా సరైనది దొరకకపోతే క్వార్టరుకు వెళ్ళిపోతాం, ఎదురుచూస్తూ హోటల్లో కూర్చోం. అమ్మావాళ్ళు వేసవిలో వస్తారు, 90 రోజుల లోపే తిరిగి వెళతారు.

ఒక్క సందేహం మిగిలింది అన్నయ్యగారూ. గ్రైండరు ఓడ సామానులో వేయాలా, మాతోపాటు విమానంలో తీసుకురావాలా?

లౌటర్న్ వాసి, స్వస్థలం భీమిలి

మీ ఓడ సామాను అమెరికానుంచి బయలుదేరుతుంది కాబట్టి విశాఖలో ఉన్న గ్రైండరు అందులో ఎక్కే ప్రసక్తి లేదు. విమానంలోనే తేవాలి. రాళ్ళు డ్రమ్ములోంచి విడదీసి, గుడ్డల్లో చుట్టి ఒక పెట్టెలో, మోటారు ఉన్న అడుగుభాగం మరొక పెట్టెలో సర్దండి, ఒక్కొక్క పెట్టెకు విమానసంస్థ పెట్టిన బరువు పరిమితి దాటకుండా ఉంటుంది. చేతిసంచిలో మాత్రం రాళ్ళు పెట్టుకోవద్దు, తనిఖీ దగ్గర ఆపుతారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగాక మీ యూనిట్టువారు పంపే స్పాన్సరు (కొత్తగా వచ్చినవారికి సాయపడే తోటి సైనికుడు) కారు చిన్నదై ఉండవచ్చు, పెట్టెలెన్నో ఆయనకు ముందే రాయండి.

మాజీ నావికుడు, మల్కాపురం

స్పాన్సరు భార్య ఫోను నంబరు కూడా అడిగి తీసుకో అమ్మాయీ. ఆయన కూడా విన్యాసాలకే వెళతాడు.